మిషన్లు ఆగిన సోమవారాలు

శుక్రవారం మధ్యాహ్నం నాలుగయిందంటే మా కరీంనగర్ ఇంట్లో మిక్సీ వేయకూడదు, కుక్కర్ పెట్టకూడదు, ఎవరైనా గేటు కొడితే చెప్పుల చప్పుడు కాకుండా వెళ్ళి తీయాలి. ఎందుకంటే ఆ గంటలో మా చిన్నమ్మాయి తన హైదరాబాదు కంపెనీ వాళ్ళతో కంప్యూటర్‌లో కలిసిమెలిసి ఉంటుంది. ఒక వారం తలకు కాగితం టోపీ, ఒక వారం రంగు కళ్ళజోడు పెట్టుకుంటుంది. మా అమ్మాయి ఇంతవరకు ముఖాముఖి చూసి ఎరుగని ఒక పెద్దమనిషి మనమంతా ఒక కుటుంబమని ఇంగ్లీషులో చెబుతాడు. ఆ తర్వాత ఆఫీసు మీద తమకెంత ప్రేమ ఉన్నదో అందరూ పదికి మార్కులు వేసి పంపాలి. మొన్నటికి మొన్న మనవడికి ఒళ్ళు కాలిపోతుంటే, సెలవు కావాలని అమ్మాయి వాళ్ళ గ్రూపులో రాసింది. అందరూ బొటనవేలి బొమ్మలు పంపారు, ఒకరెవరో ఎర్రటి గుండె బొమ్మ కూడా పంపారు, సెలవు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ రోజు కూడా పిల్లవాణ్ణి నా ఒళ్ళో పడుకోబెట్టి, కళ్ళు తుడుచుకొని, టోపీ పెట్టుకొని కూర్చుని పదికి తొమ్మిది వేసింది. ఇంత జరిగాక తొమ్మిదెందుకే అని అడిగితే, "ఎనిమిది ఏస్తే ఎందుకు తగ్గిందని ఇంకో మీటింగు పెడుతరమ్మా" అన్నది.

నాకు నవ్వూ వచ్చింది, రోతా పుట్టింది. పిల్లలు ఇదేదో తమ కాలంలో పుట్టిన విద్య అనుకుంటున్నారు గాని, ఏదో ఒక కార్ఖానాలోనో ఆఫీసులోనో చాకిరీ చేసి వచ్చిన మన వయసు వాళ్ళకు తెలుసు, ఈ రోగం పాతదే. నేను దీన్ని మొదటిసారి చూసింది ఆదిలాబాద్‌లో, ఒక జిన్నింగు మిల్లులో. దాని పేరు చెప్పను. చెప్పినా వెతుక్కోవడానికి ఇప్పుడక్కడ ఒక ఇటుక కూడా లేదు.

మాది ధర్మపురి పక్కన పల్లె. బాపుకు ఆ మిల్లులో ఫిట్టరు పని దొరికితే నన్ను కన్న అవ్వ, నేను, ఆమెకు చెల్లెలైన మా చిన్నమ్మ, మూటాముల్లె కట్టుకొని బాపు వెంట ఆదిలాబాద్ చేరాం. నన్ను డిగ్రీకి కరీంనగర్ పంపారు, అక్కడే టైపు నేర్చుకున్నాను, తిరిగి వచ్చాక అదే మిల్లు ఆఫీసులో టైపిస్టుగా కుదిరాను. చిన్నమ్మ అప్పటికే చాలా ఏళ్ళుగా లోపల మిషను మీద ఉన్నది. దసరా దాటాక పత్తి బండ్లు రావడం మొదలైతే ఎండలు ముదిరేదాకా మిల్లు నడిచేది. ఆ నాలుగైదు నెలలు ఊరి గాలిలోనే దూది ఉండేది, తినే అన్నంలో కూడా ఒక పోగు తగిలేది, మేం ఎవరమూ దాన్ని పట్టించుకునేవాళ్ళం కాదు.

జిన్నింగు మిల్లు లోపలికి ఎన్నడూ వెళ్ళని వారికి ఆ చప్పుడు ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. పత్తి నుంచి గింజను వేరు చేసే మిషన్లు రెండు వరుసలుగా హాలు పొడుగునా ఉండేవి, అవన్నీ ఒక్కసారి అందుకున్నాయంటే పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. లోపల మనిషి గొంతుకు పని లేదు. అందుకని ఆ హాలులో ఎవరూ నోటితో మాట్లాడేవారు కాదు, అందరూ చేతులతో మాట్లాడేవారు. ఆ చేతిమాట ఎవరు మొదలు పెట్టారో ఎవరికీ తెలియదు. పనిచేసే వాళ్ళలో తెలుగు వాళ్ళున్నారు, మరాఠీ వాళ్ళున్నారు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే వాళ్ళున్నారు, ఉట్నూర్ వైపు నుంచి వచ్చిన గోండులున్నారు. గేటు బయట ఒకరి మాట ఒకరికి సగమే అర్థమయ్యేది, లోపల మాత్రం పూర్తిగా అర్థమయ్యేది. మంచినీళ్ళు కావాలనడం, మేస్త్రి వస్తున్నాడనడం, బిడ్డకు పాలిచ్చి వస్తాననడం, ఇవన్నీ చిన్న సంగతులు. అత్తతో జరిగిన తగాదా అంతా చెప్పుకునేవారు, ఆదివారం చూసిన సినిమా కథ పాటలతో సహా చెప్పుకునేవారు, అటు చివరి మిషను నుంచి ఇటు చివరి మిషను దాకా పెళ్ళి సంబంధాలు మాట్లాడి ఖాయం చేసుకున్న వాళ్ళు కూడా ఉన్నారు. మనిషి మనిషికీ ఒక గుర్తు ఉండేది. మిల్లు యజమాని సేటు పేరు చెప్పాలంటే చెవితమ్మెను రెండు వేళ్ళతో పట్టుకోవాలి, ఆయనకు పోగులుండేవి. నా పేరు గాలిలో టైపు కొట్టడం.

ఇక మా చిన్నమ్మ. చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఆమె వినికిడిని తీసుకుపోయింది, దాంతో మాటా రాలేదు. పల్లెలో ఆమెకు ఒక పేరున్నదని కూడా జనం మరచిపోయారు, మూగది అని పిలిచేవారు, పిలిచినా ఆమెకు వినపడదు గదా అని నవ్వుకునేవారు. అటువంటి మనిషి ఆ హాలులో మహారాణి. పొడుగ్గా ఉండేది, నోట్లో ఎప్పుడూ తమలపాకు, జుట్టంతా దూది. అక్కడి గుర్తుల్లో సగం ఆమె చేతుల్లో పుట్టినవే. కొత్తగా పనిలో చేరిన పిల్లలను మొదట ఆమె పక్కన నిలబెట్టేవారు, చేతిమాట నేర్చుకోవడానికి. ఆమె తిట్టిందంటే అవతలి మనిషి తల దించుకోవలసిందే, ఆమె ఎవరినైనా అనుకరించి చూపిందంటే హాలు ఆ చివరన ఉన్న వాళ్ళు మిషను పట్టుకొని నవ్వేవారు. మిషన్ల చప్పుడులో అందరూ చెవిటివాళ్ళే, అందులో పుట్టి పెరిగినంత అనుభవం ఉన్నది ఆమె ఒక్కదానికే. పొద్దుగూకి గేటు దాటగానే మాత్రం ఆడవాళ్ళంతా దూది దులుపుకొని నోళ్ళు తెరిచేవారు, చిన్నమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కొని వెనకబడేది. అది చూడటం నాకు చిన్నప్పటి నుంచీ కష్టంగా ఉండేది.

ఆమెకు వినపడదన్న సంగతి మిల్లు ఆఫీసులో ఎవరికీ తెలియదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. నిజంగానే తెలియదు. దాచాలని ఎవరూ దాచలేదు. పొద్దున వచ్చి తన నంబరు బిళ్ళ తీసుకోవాలి, సాయంత్రం తిరిగి తగిలించాలి, వీటిలో నోటితో పని లేదు. మేస్త్రికి తెలుసు, మావాళ్ళందరికీ తెలుసు, అదొక చెప్పుకోదగిన విషయమని ఎవరికీ తట్టలేదు. సేటుకు కూడా బహుశా తెలిసే ఉంటుంది. ఆయన ధర్మాత్ముడేమీ కాడు, కూలి పెంచమంటే ఆయనకే ఏమీ వినపడేది కాదు, కాని చిన్నతనం నుంచీ ఆ హాలులో తిరిగిన మనిషి, చేతిమాట వచ్చినవాడు. చాయ్ తాగే వేళ తగ్గిస్తానని ఆయన చేతులతో అంటే, చిన్నమ్మ అందరి ముందూ చేతులతోనే ఆయన్ను దులిపేసి పంపిన రోజు నాకు గుర్తున్నది. నవ్వుకుంటూ పోయాడు, చాయ్ వేళ అట్లాగే ఉంచాడు.

సేటుకు కాళ్ళు పడిపోయి మంచం పట్టాక ఆయన అల్లుడు వచ్చాడు. ఎక్కడో పెద్ద పట్నంలో, పనివాళ్ళను ఎట్లా కలుపుకొని పోవాలో చదువుకొని వచ్చాడట. మనుషులతో కలవడం పుస్తకం చూసి నేర్చుకోవలసి వచ్చిన మనిషిని చూసి జాలిపడి ఊరుకోవలసింది, మేము దండం పెట్టాం. మిల్లంతా ఆయన్ను అల్లుడు సారు అనేది, ఆయనకూ ఆ పిలుపు ముద్దుగానే ఉండేది. వచ్చీ రాగానే గోడ మీద ‘మన మిల్లు మన కుటుంబం’ అని నా ఎత్తు అక్షరాలు రాయించాడు. ఆ గోడ వెనకే ఆడవాళ్ళ మరుగుదొడ్డి ఉండేది, దానికి తలుపు ఉండేది కాదు.

ఆయనకు మాటిమాటికీ ప్యాంటు నడుము దగ్గర పైకి లాక్కునే అలవాటు. ఇంకేముంది, పొద్దు తిరిగేలోగా చిన్నమ్మ ఆయనకు అదే పేరు పెట్టేసింది. హాలులో అందరూ తనను చూసి నడుము దగ్గర చేతులు పెట్టి పైకి లాగుతున్నారని గమనించి, ఏమిటది అని ఆయన మేస్త్రిని అడిగాడు. మేస్త్రి కన్నార్పకుండా, "పని జల్ది కానియ్యుండ్రి అన్నట్టు సార్" అన్నాడు. అల్లుడు సారు మురిసిపోయాడు. పనివాళ్ళ భాష తనకు పట్టుబడిందని, మర్నాటి నుంచి మిషను మిషను దగ్గరా ఆగి, చిరునవ్వుతో, నడుము పట్టుకొని పైకి లాగి చూపించడం మొదలు పెట్టాడు. ఆ కొద్ది రోజులు మిల్లులో పని ఎట్లా సాగిందో దేవుడికే తెలియాలి. చివరకు మామగారి మంచం దగ్గర తన గొప్ప చెప్పుకోబోయి చేసి చూపించాడట, సేటు పడి పడి నవ్వి, అది నీ పేరురా నాయనా అన్నాడట. వాళ్ళ వంటమనిషి ద్వారా ఆ సంగతి మాకు చేరేసరికే నా ముందు టైపు చేయవలసిన కాగితం వచ్చింది. హాలులో చేతులతో సైగలు చేయరాదు, అది నాగరికులకు తగదు, చెప్పదలచినది ప్రతివారూ సోమవారం సభలో మైకు ముందు నోరు విప్పి చెప్పవలెను. టైపు కొట్టి అంటించాను. హాలులో ఒక్కరూ చదవలేదు, చదవడం వచ్చినవాళ్ళు కూడా చదవలేదు, చేతులు తిరుగుతూనే ఉన్నాయి.

సోమవారం సభ మాత్రం ఆగలేదు. పొద్దున అరగంట మిషన్లు ఆపించి, దూది బేళ్ళు కట్టే షెడ్డులో అందరినీ కింద కూర్చోబెట్టి, ఆయన కుర్చీలో కూర్చుని, వారానికి కొందరు చొప్పున మైకు దగ్గరికి రప్పించి మనసులో మాట చెప్పమనేవాడు. మనసులో మాట అడిగే మనిషి ముందు ఎవరైనా చెప్పే మాట ఒకటే, "అంత మంచిగనె ఉంది సార్". ఒకరి తర్వాత ఒకరు అదే చెప్పి కూర్చునేవారు, ఆయన ప్రతి మాటకూ చప్పట్లు కొట్టించేవాడు. ఒక్క ఆడమనిషి ధైర్యం చేసి దొడ్డికి తలుపు లేదని చెప్పింది. ఆమెకు మిగతా అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టించాడు, తలుపు మాత్రం పెట్టించలేదు. అందరికీ వంతు రావాలని, వంతు తప్పించుకున్న వాళ్ళను వచ్చే దసరాకు పనిలోకి పిలిచేది లేదని కూడా చెప్పించాడు.

మా ఇంట్లో భయం పట్టుకున్నది అప్పుడే. దసరాకు పిలుపు లేకపోతే చిన్నమ్మకు పోయేది కూలి ఒక్కటే కాదని మాకు తెలుసు. నాకు అన్నం పెడుతూ అవ్వ, "అది శెవుటిదని ఎర్కైతె ఉంచుకుంటరా బిడ్డా? ఆ హాలు లేకుంటె అదేం బతుకుతది? నువ్వు ఆఫీసుల ఉన్నవ్ గద, ఎట్లన్న జేసి దాని వంతు రాకుంట సూడు" అన్నది. వంతులు పిలిచేవాళ్ళకు చెప్పి ఆమెను వెనక్కి నెట్టిస్తూ వచ్చాను. మేస్త్రి సోమవారం పొద్దున్నే ఆమెను గింజల గోదాము ఊడవడానికి పంపేవాడు. చిన్నమ్మకు ఇది తెలియక ఎట్లా ఉంటుంది? ఒక రోజు ఇంట్లో నా ముందు కూర్చుని చేతులతో కడిగేసింది. నాకేమన్నా అంటురోగమా, నన్నెందుకు దాస్తున్నారు? ఒక్కొక్కరూ అక్కడ నిలబడితే షెడ్డంతా వాళ్ళనే చూస్తున్నది, నన్ను మాత్రం చూడొద్దా? నాకు చెప్పే మాట ఉన్నది.

తర్వాతి సోమవారం ఎవరూ పిలవకుండానే లేచి మైకు దగ్గరికి వెళ్ళింది. మైకు చేతులకు అడ్డం వస్తుంటే పక్కకు నెట్టింది. మైకువాడు మళ్ళీ తెచ్చి నోటి దగ్గర పెట్టాడు, మళ్ళీ నెట్టింది, షెడ్డంతా నవ్వు. అల్లుడు సారు ఇటు తిరిగి, ఆమె నోటితో ఎందుకు చెప్పడం లేదని నన్ను అడిగాడు. దాచడానికి ఇక ఏమీ లేదు, ఆమెకు వినపడదండీ, మాట కూడా రాదండీ అన్నాను. ఎప్పటి నుంచి పని చేస్తున్నది అని అడిగాడు, నేను లంగా కట్టుకునే రోజుల నుంచి అన్నాను. అయితే ఏమంటున్నదో చెప్పమన్నాడు. ఆమె చేతులు చూస్తూ ఒక్కో మాటా నేను చెప్పాను. దొడ్డికి తలుపు పెట్టించు. నీళ్ళ కుండ ఎండలో నుంచి తీయించు. ఆ తర్వాత చిన్నమ్మ నేరుగా ఆయన వైపు తిరిగింది. మిషన్లు ఆపి మాట్లాడమంటున్నావు గదా, మిషన్లు నడిస్తేనే వీళ్ళంతా నాతో మాట్లాడతారు, నువ్వు వాటిని ఆపినప్పుడల్లా నేను ఒక్కదాన్నే అవుతున్నాను, ఈ సోమవారాలు మానెయ్యి. అది కూడా ఒక్క మాట పోకుండా చెప్పాను. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. అల్లుడు సారు కళ్ళు తుడుచుకొని లేచి నిలబడి చప్పట్లు కొట్టించాడు, ఫొటో తీయించాడు.

ఆ చప్పట్లు కొట్టిన మనిషే మరుసటి సోమవారం ఆమెను ముందుకు పిలిపించి, శాలువా కప్పి, మైకులో చాలాసేపు మాట్లాడాడు. ఇన్నేళ్ళు సేవ చేసిన ఈ తల్లి ఇక కష్టపడనవసరం లేదని, వినపడని మనిషిని మిషన్ల మధ్య ఉంచడం ప్రమాదమని, కుటుంబం తన వాళ్ళ క్షేమం చూసుకుంటుందని, నేటి నుంచి ఆమెకు విశ్రాంతి అని చెప్పాడు. అది అక్కడున్న అందరికీ వినపడింది, ఆమె ఒక్కదానికి తప్ప. ఆమె శాలువా సర్దుకుంటూ, కిందటి వారం చెప్పిన మాటకే ఈ మర్యాద అనుకొని, మా వైపు చూసి గర్వంగా నవ్వుతున్నది. నేను ఆమె దగ్గరికి వెళ్ళబోతుంటే వెనక వరుసలో మేస్త్రి లేచాడు. సైగలు చేయరాదన్న అల్లుడు సారు ఎదుటనే, చేతులు బాగా పైకెత్తి, ఆయన అన్నదంతా ఆమెకు చెప్పేశాడు. చిన్నమ్మ ముఖం చూడలేకపోయాను. శాలువా తీసింది, మడత పెట్టింది, మైకు తలకాయ మీద వేసింది. అల్లుడు సారుకు ఎదురుగా నిలబడి చేతులతో ఒక మాట అన్నది. ఆ మాట ఇక్కడ రాయను, అచ్చులో పడే మాట కాదు. ఆయన దాన్ని కృతజ్ఞత అనుకొని తల ఊపుతూ, చేతులు జోడించి, చిరునవ్వు నవ్వాడు. అంతకన్నా పరమ మూర్ఖుణ్ణి నా ఉద్యోగ జీవితంలో మళ్ళీ చూడలేదు, చాలామందినే చూశాను.

బాపు సేటు దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాడు. సేటు మంచంలో నుంచే, ఆమెను పనిలోకి రానివ్వండి అన్నాడు గాని, అప్పటికే ఆయన మాట ఆ ఇంట్లోనే చెల్లడం లేదు. మేస్త్రిని గోదాము కాపలాకు మార్చారు. ఆడవాళ్ళు కొన్నాళ్ళు మా ఇంటికి వచ్చి పోయేవారు. వచ్చి వాకిట్లో కూర్చుని, మొదట కాసేపు చేతులు తిప్పి, అక్కడ చప్పుడేమీ లేదు గదా, తెలియకుండానే నోటి మాటల్లో పడిపోయేవారు. చిన్నమ్మ వాళ్ళ పెదవులు చూస్తూ కూర్చునేది, తర్వాత లేచి లోపలికి పోయేది. మిల్లు వెనక గోడకు ఒక జాలీ కిటికీ ఉండేది. కొంతకాలం రోజూ మధ్యాహ్నం అక్కడికి పోయి నిలబడి, లోపలి వాళ్ళతో మాట్లాడి వచ్చేది, ఆ పూట ఇంటికి వచ్చిన మనిషి ముఖం వేరుగా ఉండేది. అది కూడా ఎవరికో కనిపించింది, కిటికీకి రేకు కొట్టేశారు. ఆ తర్వాత ఆమె చేతిమాట తగ్గిపోయింది. ఆకలి, నీళ్ళు, నిద్ర, ఇంతకు మించి ఏమీ అనేది కాదు. నా పెళ్ళయ్యాక నాతోనే కరీంనగర్ వచ్చి చాలా ఏళ్ళు బతికింది, మా పిల్లలను పెంచింది, వాళ్ళకు మాత్రం చేతిమాట నేర్పలేదు. నేర్పమని అడిగితే తల అడ్డంగా తిప్పేది.

కిందటి ఎండాకాలం ఆదిలాబాద్‌లో బంధువుల పెళ్ళికి పోయాను. పట్టపగలు ఊరేగింపు, బండి మీద డీజే పెట్టెలు పేర్చి, గుండె అదిరేట్టు మోగిస్తున్నారు, పక్క మనిషి చెవిలో అరిచినా వినపడని పరిస్థితి, నేను విసుక్కుంటూ ఒక అరుగు మీద నిలబడ్డాను. రోడ్డుకు అవతలి వైపు ఒక పండు ముసలమ్మ నన్నే చూస్తున్నది. చూసి చూసి చెయ్యి ఎత్తి, గాలిలో టైపు కొట్టింది. అప్పుడు గుర్తు పట్టాను, చిన్నమ్మ పక్క మిషను మీద పనిచేసిన మరాఠీ ఆవిడ. నేను చేతులు జోడించేలోగా ఆమె చూపుడువేలితో తన ముక్కుకు రెండు వైపులా తాకింది. రెండు వైపులా ముక్కుపుల్లలు ఉన్న మా చిన్నమ్మ పేరు అది. ఎక్కడున్నది అని అడిగింది. లేదు, పోయింది అన్నాను. నా చేతులకు ఆ మాట ఇంకా వస్తుందని నాకే తెలియదు. ఎట్లా పోయింది, ఎవరి దగ్గర ఉన్నది, బాధ పడిందా అని ఆమె అడుగుతుంటే, మధ్యలో జనం గంతులు వేస్తుంటే, వాళ్ళ తలల మీదుగా నేను అన్నీ చెప్పాను, ఇంట్లో ఎవరికీ చెప్పుకోనివి కూడా చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకున్నది, నేనూ తుడుచుకున్నాను. ఇప్పుడు ఎన్ని రకాల ఫోన్లు, ఎన్ని గ్రూపులు, మనసు విప్పమని జీతాలిచ్చి పెట్టుకున్న మనుషులెందరో! అయినా ఎవరితోనైనా అంత మాట్లాడి నాకు ఎన్నేళ్ళయిందో.

ఇంతలో డీజే ఆగింది. ఆమె మెల్లగా రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకొని, "బాగున్నవా బాయీ?" అన్నది. బాగున్నానన్నాను, నువ్వెట్లా ఉన్నావని అడిగాను, గిట్లనే అన్నది. ఆపైన ఇద్దరికీ మాట దొరకలేదు. చెయ్యి పట్టుకొని అట్లాగే నిలబడ్డాం. ఆ డీజే మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని నేను బండి వైపు చూశాను, ఆమె కూడా అటే చూస్తున్నది.